ఊరు విడిచి పోరాడిన చీరాల

చీరాల, పేరాల పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నా, నూరేళ్ల కిందట గుంటూరు జిల్లాలోవి. జనాభా సుమారు 15 వేలు. మగ్గం నమ్ముకుని బతికే కుటుంబాలే ఎక్కువ. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ రెండు ఊళ్లనూ కలిపి మునిసిపాలిటీ చేసింది. అంతవరకూ గ్రామ యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి 4 వేల రూపాయలున్న పన్ను సుమారు 40 వేలకు చేరింది. నేతపనితో పొట్టపోసుకునేవాళ్లకు అది మోయలేని భారం. మునిసిపాలిటీ వద్దని అర్జీలు పెట్టుకున్నా లాభం లేకపోయింది. పన్ను కట్టబోమన్న కొందరిని జైలుకు పంపారు. వారిలో ఒక మహిళ కూడా ఉంది.

ఈ పోరాటానికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివారు. కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామితో కలిసి సంస్కృత నాట్యగ్రంథం 'అభినయ దర్పణం'ను ఇంగ్లీషులోకి అనువదించారు. అంత చదువుకున్న మనిషి నేతగాళ్ల పన్ను బాధను తన బాధగా చేసుకోవడమే ఆయన గొప్పతనం. జనం ఆయన్ను 'ఆంధ్రరత్న' అని పిలుచుకున్నారు. ఆయన కూడగట్టిన వాలంటీర్ల దళం పేరు 'రామదండు'. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు ఏర్పాట్లు చూసింది ఈ దళమే.

ఆ సమావేశాల తర్వాత, ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చారు. పన్ను కట్టకుండా శాంతియుతంగా నిలబడటం, లేదా ఊరే వదిలి వెళ్లడం అనే రెండు దారులు చూపించారు. జనం రెండోదాన్ని ఎంచుకున్నారు. ఊళ్లో మనుషులే లేకపోతే మునిసిపాలిటీ ఎవరి మీద పన్ను వేస్తుంది? మండుటెండల్లో పిల్లాజెల్లాతో, ముసలివాళ్లతో సుమారు 13 వేలమంది ఇళ్లు వదిలారు. మునిసిపాలిటీ పొలిమేర బయట పాకలు వేసుకుని, ఆ కొత్త ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండల్లో, వానల్లో, చలిలో దాదాపు 11 నెలలు అక్కడే గడిపారు.

ఇన్ని వేలమందిని పోషించడానికి డబ్బు కావాలి. విరాళాల కోసం తిరుగుతున్న గోపాలకృష్ణయ్యకు బరంపురంలో ప్రసంగించరాదని నిషేధాజ్ఞ ఇచ్చారు. ఆయన దాన్ని లెక్కచేయకపోవడంతో అరెస్టు చేసి, ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నాయకుడు లేక, చేతిలో పైసా లేక జనం నీరసించారు. 1922 తొలి నెలల్లో ఒక్కొక్కరే పాత ఇళ్లకు తిరిగి వచ్చారు. మునిసిపాలిటీ అప్పటికి అలాగే ఉండిపోయింది.

గోపాలకృష్ణయ్య 1928 జూన్ 10న క్షయవ్యాధితో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 39 ఏళ్లు. చీరాల ప్రజలు ఓడింది ధైర్యం చాలక కాదు, డబ్బు చాలక. సహాయ నిరాకరణోద్యమ కాలంలో తెలుగునేల మీద ఒక ఊరు ఊరంతా కలిసి చేసిన ఇంత పెద్ద త్యాగానికి పాఠ్యపుస్తకాల్లో నాలుగు వాక్యాలు సరిపోవు.