పాత చెట్టు రంపం ఆన్‌లైన్ పాటలో అమ్ముతున్నారా? పాట పాడి మాయమయ్యేవాళ్లతో జాగ్రత్త

నందిగామ, జగ్గయ్యపేట వైపు సుబాబుల్ వేసిన రైతుల దగ్గర, మచిలీపట్నం, నాగాయలంక తీరాన సరుగుడు తోటలున్నవాళ్ల దగ్గర, నూజివీడు చుట్టుపక్కల మామిడి రైతుల దగ్గర పెట్రోల్ రంపం, అంటే చైన్‌సా, కనిపిస్తూనే ఉంటుంది. తోట కొట్టేశాక, లేదా తుపానుకు పడిన చెట్లు ఎత్తేశాక అది పాకలో మూలన పడుతుంది. ఏడాది వాడకుండా ఉంచితే కార్బొరేటర్‌లో పెట్రోలు జిగురుకట్టి ధర ఇంకా పడిపోతుంది. నాట్ల కూలికో, ఎరువులకో డబ్బు అవసరమైన సమయంలో దాన్ని అమ్ముకోవడం మంచి ఆలోచనే.

పాత ఇనుము కొనేవాడికో, తెలిసిన మెకానిక్‌కో ఇస్తే వాళ్లు చెప్పిందే ధర. వాట్సాప్ గ్రూపులోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో, ఓఎల్‌ఎక్స్‌లోనో ఫొటో పెట్టి పాట పాడిస్తే ఎక్కువ పలకవచ్చు. చిక్కంతా ఆ తర్వాతే. "అన్నా, మిషన్ నాదే, ఎవరికీ ఇవ్వొద్దు, రేపు పొద్దున్నే వస్తా" అన్నవాడు ఫోన్ ఎత్తడు. ఆ మాట నమ్మి మీరు వద్దన్న ఇద్దరూ ఈలోగా వేరే రంపం కొనేసుకుంటారు.

ఊరి పాటలో లేని చిక్కు ఇక్కడెందుకు?

పాట అంటే మన ప్రాంతానికి కొత్త కాదు. దేవుడి మాన్యం కౌలుకు, పంచాయతీ చెరువు చేపలకు పాట పెడతారు. అక్కడ పాటలో పాల్గొనాలంటే ముందు ధరావత్తు కట్టాలి. పాట ఖాయమయ్యాక మిగతా డబ్బు కట్టకపోతే ధరావత్తు పోతుంది, మళ్లీ పాట పెడతారు. పైగా ఊరంతా చూస్తుంటుంది. అందుకే సరదాకు పాట పెంచేవాడు ఉండడు. దుగ్గిరాల పసుపు యార్డులో ఈ-నామ్ ద్వారా ఆన్‌లైన్‌లో ధర కోట్ చేసే వ్యాపారులకు కూడా లైసెన్సు ఉంటుంది, మధ్యలో మార్కెట్ కమిటీ ఉంటుంది.

మీ రంపానికి అలాంటి పెద్దమనిషి ఎవరూ లేరు. మామూలు మనుషులు కూడా వస్తువులు వేలం వేసుకునే వీలున్న ఈబే ఇండియా 2018లో మూతపడింది. ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఆన్‌లైన్ వేలాలు నడుపుతుంది కానీ, అవి కంపెనీల, ప్రభుత్వ శాఖల తుక్కుకూ పాత వాహనాలకూ పనికొస్తాయి, ఒక్క రంపానికి కాదు. ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లు ప్రకటన వేసుకునే చోట్లు మాత్రమే. కాబట్టి పాట నియమాలు మీరే పెట్టుకోవాలి. ఫోన్లో అన్న మాటకు పైసా ఖర్చు లేదు. దానికి కొంచెమైనా ఖర్చు ఉండేలా చూసుకోవడమే ఇక్కడ అసలు పని.

పాటకు ముందు మిషన్‌ను సిద్ధం చేయండి

సగం బేరాలు చెడేది మనిషి వల్ల కాదు, ప్రకటనలో లేనిది మిషన్‌లో కనిపించడం వల్ల. అందుకే ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

ఎయిర్ ఫిల్టర్ కడిగి ఆరబెట్టండి, ప్లగ్ శుభ్రం చేయండి, పాత పెట్రోలు తీసేసి కొత్తది పోయండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తాడు లాగి స్టార్ట్ చేస్తూ వీడియో తీయండి. ముందే వేడి చేసిన మిషన్ ఒక్క లాగుడుకు స్టార్ట్ అవుతుందని కొనేవాళ్లకు తెలుసు. అందుకే తాడు లాగక ముందు సిలిండర్ మీద చెయ్యి పెట్టి చూపించండి. తర్వాత ఒక దుంగ కోసి చూపించండి, చైన్ బ్రేక్ పడుతోందో లేదో కూడా చూపించండి.

చైన్ పన్ను పొడవు నాలుగు మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ చైన్ పని అయిపోయినట్టే. స్ప్రాకెట్ మీద చైన్ చేసిన గాడి అర మిల్లీమీటరు దాటితే దాన్నీ మార్చాలి. ఇవి ఆటోనగర్‌లో మార్పించి అమ్మాలా, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మాలా అంటే, చైన్ వరకు మార్చండి. బార్, స్ప్రాకెట్ మీద పెట్టిన డబ్బు పాత మిషన్ ధరలో తిరిగి రావడం కష్టం.

కంపెనీ, మోడల్, సీసీ, బార్ ఎన్ని అంగుళాలు, ఏ సంవత్సరంలో కొన్నారు, బిల్లు ఉందా లేదా స్పష్టంగా రాయండి. పేరున్న కంపెనీల పేరుతో నకిలీలు తిరుగుతున్నాయి కాబట్టి కొనేవాడు సీసీ చూస్తాడు. స్టిల్ ఎంఎస్ 250 అయితే 45.4 సీసీ, ఎంఎస్ 382 అయితే 72.2 సీసీ. మీది పేరులేని 58 సీసీ మిషనైతే అలాగే రాయండి. ఫొటోలో సీరియల్ నంబరు చివరి అంకెలు వేలితో మూయండి, మిషన్ చూడటానికి వచ్చినవాడికి మాత్రం పూర్తిగా చూపించండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన మిషన్ అయితే ఆ సంగతి దాచకండి. బేరింగులు తర్వాత శబ్దం చేస్తాయి, అప్పుడు ఫోన్ మీకే వస్తుంది. రాయితీ మీద తీసుకున్న యంత్రమైతే, అమ్ముకోవచ్చా లేదా అని ముందు రైతు సేవా కేంద్రంలో అడగండి.

గిరాకీ కూడా చూసుకోండి. మామిడి కాయ దిగిపోయి కొమ్మలు కత్తిరించే జూన్, జూలైలలో, మళ్లీ తుపానులు వచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రంపాలు అడుగుతారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో చెట్లు కూలిన ఊళ్లలో అద్దె రంపం దొరకడమే కష్టం. అయితే తుపాను మర్నాడే పాట పెడితే పిలుపులు ఎక్కువ వస్తాయి, వాటిలో ఉత్త మాటలూ ఎక్కువే ఉంటాయి.

పాట నియమాలు ఇలా రాసుకోండి

గ్రూపులో పెట్టే సందేశంలోనే అన్నీ ఉండాలి. ఉదాహరణకు:

"పెట్రోల్ రంపం, 45 సీసీ, 18 అంగుళాల బార్. మొదటి పాట 7,000 రూపాయలు. ఆపైన 200 చొప్పున పెంచాలి. శుక్ర, శనివారాల్లో పగటిపూట మా ఊరు వచ్చి మిషన్ నడిపి చూసుకోవచ్చు. పాట ఆదివారం రాత్రి 8 గంటలకు ముగుస్తుంది. చివరి 5 నిమిషాల్లో ఎవరైనా పెంచితే ఇంకో 5 నిమిషాలు పొడిగిస్తాం. పాట దక్కినవారు రాత్రి 10 లోగా 500 రూపాయలు ధరావత్తు పంపాలి. మంగళవారం సాయంత్రం లోగా మిగతా డబ్బు ఇచ్చి మిషన్ తీసుకెళ్లాలి. రాకపోతే ధరావత్తు తిరిగి ఇవ్వం, తర్వాతి పాటదారుకు ఇస్తాం. మిషన్ మేము చెప్పినట్టు లేకపోతే ధరావత్తు పూర్తిగా వెనక్కి ఇస్తాం."

ఆ చివరి వాక్యం వదిలేయకండి. అడ్వాన్సు తీసుకుని మాయమైన అమ్మకందారులు కూడా ఉన్నారు, కొనేవాడి భయం కొనేవాడిది. ఊరి పాటలో లాగా అందరి దగ్గరా ముందే ధరావత్తు అడగవచ్చు కదా అంటే, పది వేల లోపు వస్తువుకు అది పనిచేయదని నా అభిప్రాయం. అలా అడిగితే మంచివాళ్లే ముందు వెనక్కి తగ్గుతారు. పాట దక్కినవాడి దగ్గర మాత్రం తీసుకుంటే చాలు.

మొదటి పాట, అంటే మీ 'సర్కారు వారి పాట', నష్టం లేకుండా మీరు ఇవ్వగలిగిన కనీస ధరే కావాలి. తక్కువతో మొదలుపెట్టి, ధర రావట్లేదని బావమరిదితో పాట పెంచించే పని చేయకండి. వస్తువుల అమ్మకం చట్టం 1930, సెక్షన్ 64 ప్రకారం, ముందుగా చెప్పకుండా అమ్మేవాడు తానుగా గాని, మనిషిని పెట్టి గాని పాట పాడకూడదు. అలా చేస్తే ఆ అమ్మకాన్ని మోసంగా పరిగణించే హక్కు కొన్నవాడికి ఉంది. అదే సెక్షన్ ప్రకారం, పాట ముగిసిందని ప్రకటించే వరకు ఎవరైనా తన పాటను వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి శనివారం 9,000 అని, ఆదివారం మధ్యాహ్నం వద్దన్నవాడి మీద కోపం పెట్టుకోకండి. రాత్రి 8కి మాత్రం "పాట ముగిసింది, ఫలానా నంబరుకు 9,400కు ఖాయం" అని గ్రూపులో తప్పనిసరిగా రాయండి.

మనుషులను ఎలా పసిగట్టాలి?

పాట ఒప్పుకునే ముందు ఒక నిమిషం ఫోన్లో మాట్లాడండి. నిజంగా కావాల్సినవాడు మిషన్ గురించి అడుగుతాడు: ఏ చెట్లు కోశారు, ఎన్ని లాగుళ్లకు స్టార్ట్ అవుతుంది, బార్ ఎంత. మోసగాడు మిషన్ గురించి ఒక్క మాట అడగడు. "ధర ఓకే, డబ్బు ఇప్పుడే పంపుతా, మీ ఫోన్‌పే నంబర్ చెప్పండి" అంటాడు. తాను ఆర్మీలో పనిచేస్తున్నానని చెప్పి, యూనిఫాం ఫొటో, గుర్తింపు కార్డు పంపి, "మా మనిషి వచ్చి మిషన్ తీసుకెళతాడు" అనే మోసం గురించి పోలీసులు ఏళ్లుగా హెచ్చరిస్తూనే ఉన్నారు. కార్డు పంపాడు కదా అని మీ ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు పంపకండి.

ఇంకో రకం మోసగాడు కాదు, దళారీ. పాట తన పేరున పెట్టుకుని, తర్వాత కొనేవాడిని వెతుక్కుంటాడు. దొరికితే వస్తాడు, లేకపోతే లేదు. ఇతనికి మందు గడువే. మంగళవారం అన్నది బుధవారం చేయకండి.

మూడో రకంతో చిరాకు ఎక్కువ. 9,400కు పాడుకుని, ఇంటికొచ్చి, మిషన్ చుట్టూ తిరిగి "చైన్ లూజుంది, కంప్రెషన్ తక్కువుంది, 7,500 చేసుకో బాబాయ్" అంటాడు. రెండు రోజులు చూసుకునే అవకాశం ఇచ్చారు కాబట్టి, మీరు చెప్పిన దానికీ ఉన్న దానికీ తేడా లేనప్పుడు ఒక్క రూపాయి తగ్గించక్కర్లేదు. తేడా నిజంగా ఉంటే మాత్రం తగ్గించండి, లేదా ధరావత్తు ఇచ్చి పంపండి.

మొదటివాడు రాకపోతే రెండోవాడికి ఫోన్ చేసి, అతను పాడిన ధరకే ఇస్తానని చెప్పండి. "అవతలివాళ్లు 9,400 అన్నారు, నువ్వూ అంతే ఇవ్వు" అంటే అతనూ పోతాడు. ఇక్కడ ఒక కిటుకు గమనించాలి. ఒకడు ఒక్కసారిగా పాటను ఆకాశానికి ఎత్తి మిగతావాళ్లను బెదరగొట్టి, చివర్లో తప్పుకుంటాడు. చాలా తక్కువకు పాడిన అతని స్నేహితుడు రెండోవాడిగా మిషన్ ఎత్తుకెళతాడు. మొదటి పాటకూ రెండో పాటకూ మధ్య వేలల్లో తేడా ఉంటే, ఇద్దరినీ పక్కనపెట్టి మళ్లీ పాట పెట్టండి. మళ్లీ పెడతామని నియమాల్లోనే రాసుకుంటే గొడవ ఉండదు.

డబ్బు చేతికొచ్చేటప్పుడు

డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయక్కర్లేదు. ఈ రెండూ మీ ఖాతాలోంచి డబ్బు పోవడానికే. వ్యక్తుల మధ్య డబ్బు అడిగే 'కలెక్ట్ రిక్వెస్ట్'ను ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపేసింది. క్యూఆర్ కోడ్ మోసం మాత్రం ఆగలేదు.

స్క్రీన్‌షాట్‌ను, మెసేజ్‌ను నమ్మకండి. డబ్బు పడినట్టు అచ్చం అలాగే చూపించే నకిలీ యాప్‌లున్నాయి. మీ ఫోన్లో మీ బ్యాంకు బ్యాలెన్సు మీరే చూసుకోండి. సిగ్నల్ లేకపోతే మిషన్ కదలకూడదు. "500 బదులు పొరపాటున 5,000 పంపాను, మిగతాది వెనక్కి పంపు" అన్నా ముందు బ్యాలెన్సు చూడండి. నిజంగా పడి ఉంటే మీరు తిరిగి పంపకుండా, బ్యాంకు ద్వారా సరిచేసుకోమని చెప్పండి. కొన్నవాడి ఖాతా నుంచే డబ్బు రావాలి. ఎవరిదో ఖాతా నుంచి వచ్చింది దొంగ సొమ్మైతే, ఫిర్యాదు మీద మీ ఖాతాలో ఆ మొత్తాన్ని ఆపేసే ప్రమాదం ఉంది. నగదు అయితే ఈ తలనొప్పులు లేవు. పగటిపూట ఊరి సెంటర్లోనో, మీకు తెలిసిన మెకానిక్ షాపులోనో ఇచ్చిపుచ్చుకోండి. తోటకు రమ్మని, ఒంటరి చోటుకు తెమ్మని పిలిస్తే వెళ్లకండి.

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

మిషన్ అప్పగించేటప్పుడు

తెల్ల కాగితం మీద తేదీ, మోడల్, సీరియల్ నంబరు, ధర, కొన్నవాడి పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి, ఫొటో తీసుకోండి. ఆధార్ కాపీ తీసుకుంటే అంకెలు మూసిన మాస్క్‌డ్ ఆధార్ చాలు. వాల్టా చట్టం 2002 ప్రకారం చెట్లు కొట్టడానికి అనుమతి కావాల్సిన సందర్భాలున్నాయి. రేపు ఆ రంపంతో ఎవరైనా అనుమతి లేని చెట్టు కొడితే, మీరు ఏ రోజు అమ్మేశారో చూపించడానికి ఆ కాగితమే ఉంటుంది.

పార్శిల్‌లో పంపాల్సి వస్తే పూర్తి డబ్బు అందాకే పంపండి. ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతట అదే ఆగే వరకు నడిపి, చైన్ ఆయిల్ కూడా తీసేసి, బార్‌కు తొడుగు వేయండి. పెట్రోలుతో పంపడం ప్రమాదం. లీటరు పెట్రోలుకు మీరు 2టీ ఆయిల్ ఎంత కలిపేవారో, అంటే 20 మిల్లీలీటర్లా 40 మిల్లీలీటర్లా అన్నది, అట్ట మీద రాసి హ్యాండిల్‌కు కట్టండి. ఆయిల్ తక్కువై పిస్టన్ పట్టేస్తే, వారం తిరక్కుండానే మిషన్ బాగాలేదని మీకే ఫోన్ వస్తుంది.