తొక్కలూ తొడిమలూ ఊరికే పోవు

కూర తరిగాక మిగిలిన తొక్కలూ తొడిమలూ, దేవుడి పటం దగ్గర వాడిన పూలూ, వడకట్టిన టీపొడీ మనం ఏం చేస్తాం? ఓ సంచీలో కట్టి చెత్తబండిలో పడేస్తాం. మన పని తీరిందనుకుంటాం. కాని పద్ధతిగా వాడుకుంటే ఆ చెత్తే కొందరు ఆడవాళ్లకు నాలుగు డబ్బులు తెచ్చిపెడుతుంది. అదెలాగో ఇవాళ చెప్పుకుందాం.

వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో బి.ఎస్‌సి. చదివే పిల్లలు ఆఖరి సంవత్సరంలో కొన్ని వారాలు పల్లెల్లో ఉండాలి. అది వాళ్ల చదువులో భాగం. 1945లో వెలసిన బాపట్ల కళాశాల పిల్లలైనా అంతే. రైతుల దగ్గర నేర్చుకుంటారు, తాము చదివింది చేసి చూపిస్తారు. అలా చూపించే వాటిలో వానపాముల ఎరువు ఒకటి. డ్వాక్రా సంఘాల వారికి ఇది అనువైన పని. సొంత పొలం లేకపోయినా ఫరవాలేదు. కాస్త నీడ, నీళ్లు, పేడ, చెత్త ఉంటే చాలు.

ఆకూ అలమూ, కూరగాయల చెత్తా పేడతో కలిపి ముందు 15, 20 రోజులు మగ్గనివ్వాలి. పచ్చి చెత్త కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి పాములు చచ్చిపోతాయి. చల్లారాక పాకలో మడిగా పరిచి వానపాములను వదలాలి. పొలంలో లోతుగా తిరిగేవి కాదు, చెత్తలో పైపైన బతికే ఎర్రటి రకం కావాలి. గోనెపట్టాలు కప్పి నీళ్లు చిలకరిస్తుండాలి. పిడికిట నొక్కితే తడి తగలాలి గాని నీరు కారకూడదు. చీమలూ కోళ్లూ చేరకుండా చూసుకోవాలి. నెలన్నర, రెండు నెలల్లో ఎరువు టీపొడిలా నల్లగా, చెడు వాసన లేకుండా తయారవుతుంది. అప్పుడు నాలుగైదు రోజులు నీళ్లు ఆపితే పాములు అడుగుకు దిగుతాయి. పైది తీసి జల్లించుకోవడమే.

ఎరువు వచ్చింది కదా, డబ్బు వచ్చినట్టేనా? కాదండీ. నూరు కిలోల చెత్త వేస్తే ఎరువు దాదాపు సగమే వస్తుంది. పేడ, సంచులు, బండి కిరాయి లెక్క వేసుకున్నాకే ధర కట్టాలి. మన ఆడవాళ్లు మరిచిపోయేది ఇంకొకటుంది, తమ కూలి! చదువుకున్న పిల్లలు పక్కన కూర్చుని ఈ లెక్క రాయించడం వానపాములు తెచ్చి ఇవ్వడమంత మేలు. పెరిగిన పాములను కొత్తగా మొదలుపెట్టేవారికి అమ్ముకోవచ్చు కూడా.

పల్లె చెత్తలో ఆకు, గడ్డి, పేడే ఎక్కువ. చిక్కంతా మన పట్నం చెత్తతోనే. వంకాయ తొడిమతో పాటు ప్లాస్టిక్ కవరు, మాత్రల అట్ట, పగిలిన గాజుముక్క అన్నీ ఒకే సంచీలో పోతాయి. అమ్మే వర్మీకంపోస్టుకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో ప్రమాణాలున్నాయి. నత్రజని కనీసం 1 శాతం ఉండాలి. నూటికి 90 వంతులు 4 మిల్లీమీటర్ల జల్లెడలో దిగాలి. గాజుపెంకులున్న ఎరువు ఎవరు కొంటారు? ఆ పెంకులు ఏరేటప్పుడు తెగేది ఎవరి వేళ్లు? సాధారణంగా మనలాంటి ఆడవాళ్లవే.

తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరుచేయాలని 2016 నియమాలే చెప్పాయి. వంటింట్లో రెండు బుట్టలు పెట్టండి. సంచీ ముడి విప్పి, తడి చెత్త ఒక్కటే బండిలో వేయండి. నూనె జిడ్డు, మాంసం, నిమ్మతొక్కలు వానపాములకు పడవు, గుర్తుంచుకోండి. ఇక మీ గులాబీ కుండీకి ఎరువు కావలసివస్తే, ఏ మహిళా సంఘం వారు తయారుచేస్తున్నారో వాకబు చేసి వాళ్ల దగ్గరే కొనండి. వాళ్ల కష్టానికి కూలి గిట్టేది అప్పుడే.