మాట మనదయ్యేది ఎప్పుడు?

జీఆర్‌ఈ ప్రవేశ పరీక్షకు చదివే విద్యార్థి బల్ల మీద ఇంగ్లిషు పదాల జాబితా ఒకటి ఉంటుంది. రోజుకు యాభై మాటలు, పక్కనే అర్థాలు. రాత్రి పడుకునేటప్పుడు అన్నీ వచ్చినట్టే ఉంటాయి. నాలుగు రోజులు పోయాక చూస్తే చాలా మాటలు ముఖం చాటేస్తాయి. ‘నాకు జ్ఞాపకశక్తి తక్కువ’ అని ఆ విద్యార్థి దిగులు పడతాడు. నిజానికి లోపం బుర్రలో లేదు, బట్టీ పట్టడంలో ఉంది.

జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ మరుపు మీద తనపైనే ప్రయోగాలు చేసుకున్నారు. అర్థం లేని అక్షరాల ముక్కలను కంఠస్థం చేసి, కొంతకాలం ఆగి, వాటినే మళ్లీ నేర్చుకున్నారు. రెండోసారి ఎంత శ్రమ ఆదా అయిందో లెక్క కట్టి 1885లో ప్రచురించారు. 20 నిమిషాల తర్వాత 58 శాతం ఆదా అయింది. ఒక రోజు గడిచేసరికి అది 34 శాతానికి పడిపోయింది. 31 రోజులకు కూడా 21 శాతం మిగిలింది. అంటే మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువగా దెబ్బ తీస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది.

అలాగని జాబితాను పదేపదే చదివితే సరిపోదు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివినవారిదే పైచేయి. వారం తర్వాత మాత్రం గుర్తు తెచ్చుకున్నవారు ముందున్నారు. కళ్లకు అలవాటైన మాటను వచ్చిన మాట అనుకోవడమే మనం చేసే పొరపాటు.

దీనికి జర్మన్ సైన్స్ పాత్రికేయుడు సెబాస్టియన్ లైట్నర్ 1972లో ఓ సులువైన దారి చూపారు. అట్టముక్కకు ఒకవైపు మాట, రెండోవైపు అర్థం రాసి, అరలున్న పెట్టెలో మొదటి అరలో ఉంచాలి. అర్థం చెప్పగలిగితే ఆ ముక్క తర్వాతి అరలోకి వెళుతుంది, కొన్నాళ్లు ఆగి మళ్లీ చూస్తాం. చెప్పలేకపోతే తిరిగి మొదటి అరకే వస్తుంది. అలా రాని మాట రోజూ పలకరిస్తుంది, వచ్చిన మాట అప్పుడప్పుడూ కనిపిస్తుంది.

ఒక ముక్క తీసి చూద్దాం. ‘లోక్వేషస్’ అంటే వదరుబోతు. లాటిన్‌లో ‘లోక్వి’ అంటే మాట్లాడటం. ఈ వేరు దొరికితే చక్కగా మాట్లాడేవాడు ‘ఎలోక్వెంట్’, స్వగతం ‘సొలిలొక్వీ’, వాడుక భాషకు చెందినది ‘కలోక్వియల్’ అని ఒక కుటుంబమంతా వరసగా తెలిసిపోతుంది. సుగుణం, దుర్గుణం అన్న మాటలను ముక్కలుగా విడదీసి గ్రహించే తెలుగువారికి ఈ పని కొత్త కాదు.

అయితే అర్థం తెలిసినంత మాత్రాన మాట మన సొంతమైపోదు. ‘లోక్వేషస్’, ‘ఎలోక్వెంట్’ రెండూ మాటకారితనానికి సంబంధించినవే. మొదటిదానిలో విసుగు ధ్వనిస్తుంది, రెండోది మెచ్చుకోలు. వేదిక మీద ముఖ్య అతిథిని మొదటి మాటతో పొగిడితే ఆయన నొచ్చుకుంటారు. ఈ తేడా జాబితాలో దొరకదు, మంచి వాక్యాల్లోనే దొరుకుతుంది.

అందుకే రోజుకు యాభై వద్దు, పది చాలు. పొద్దున నేర్చుకున్న మాటలను రాత్రి పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోండి. మర్నాడు ఒకసారి, వారం తర్వాత మరోసారి. ఒక్కోదానితో మీ ఇంటి గురించో, ఊరి గురించో సొంత వాక్యం రాయండి. ఆ మాట ఇక మిమ్మల్ని అంత తేలిగ్గా వదలదు.