పురుగుమందు విషము – దేహములోని రెండు జాతుల గ్రాహకములు



ఇల్లందు ప్రాంతపు అడవి అంచు గ్రామములలో పత్తి, మిరప పండించు మీకు ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు తెలిసినవే. ఇవి పురుగును చంపు తీరుననే మనిషికిని హాని చేయును. అది ఎట్లో తెలిసికొన్నచో ఆపద వేళ ఏమి చేయవలెనో బోధపడును.

నరము కొసనుండి ఎసిటైల్‌కోలిన్ అను పదార్థము వెలువడి, ఎదుటి కణముపైనున్న గ్రాహకమును తాకును. దానితో కండరము కదలును, గ్రంథి ఊరును. పని తీరగానే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అను ఎంజైము ఆ పదార్థమును విరిచివేయును. పొలము తడిసిన పిదప నీరటి చెరువు తూము మూసినట్లే ఇది. పై మందులు ఆ నీరటి చేతులు కట్టివేయును. తూము మూతపడదు.

గ్రాహకములు రెండు జాతులని 1914లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హెన్రీ డేల్ పరిశోధనలు సూచించినవి. ఒక విషపు పుట్టగొడుగులోని మస్కరిన్‌కు స్పందించునవి మస్కరినిక్, పొగాకులోని నికోటిన్‌కు స్పందించునవి నికోటినిక్.

మస్కరినిక్ గ్రాహకములు ఐదు రకములు. రెండవ రకము గుండె వేగము తగ్గించును. మూడవ రకము చొంగ, చెమట, కన్నీరు ఊరించును. ఊపిరి గొట్టములను, కంటిపాపను ముడిచివేయును. అందువలననే విషము తగిలినవారికి నోట నురుగు, వాంతులు, విరేచనములు, ఛాతిలో గురగుర, సూదిమొనవంటి కంటిపాప కానవచ్చును.

నికోటినిక్ గ్రాహకములు కండరములయందును, నరముల ముడులయందును, మెదడునందును కలవు. ఇవి అతిగా ప్రేరేపింపబడిన కండరములు మొదట అదిరి, పిదప చచ్చుబడును. ఊపిరి తీయు కండరములు చచ్చుబడినచో ప్రాణాపాయము.

వైద్యులు ఇచ్చు అట్రోపిన్ మస్కరినిక్ గ్రాహకములను మాత్రమే అడ్డగించును. కండరముల బలహీనతను మాన్పజాలదు. కావున చొంగ ఆగినదని, ఛాతి తేలికపడినదని రోగిని ఇంటికి కొనిపోరాదు. ఒకటి మొదలు నాలుగు దినముల లోపల మెడ, ఊపిరి కండరములు చచ్చుబడవచ్చును. అప్పుడు కృత్రిమ శ్వాసయంత్రమే ఆధారము. కట్టుబడిన ఎంజైమును విడిపించుటకు ప్రాలిడాక్సిమ్ అను మందు కలదు. ఆలస్యమైనకొలది అది పనిచేయదు. అట్రోపిన్ ఉమ్మెత్తలోను కలదని ఆకు నూరి పోయుట మరియొక విషము పెట్టుటయే.

ఆపద వేళ చేయవలసినవి:

1. రోగిని చేను నుండి గాలి తగులు చోటికి చేర్చవలెను. తాకువారు చేతులకు తొడుగులు ధరింపవలెను.
2. తడిసిన బట్టలు విప్పి, ఒడలు, జుట్టు సబ్బుతో బాగుగా కడుగవలెను.
3. వాంతి చేయింపరాదు. స్పృహ లేనివారిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను.
4. వెంటనే 108కి ఫోను చేసి, మందు డబ్బాను చీటితో సహా వైద్యునికి చూపవలెను.

గ్రామాధికారులు ఈ విషయములను పిచికారీ కూలీలకును తెలుపవలెను. డబ్బాపై ఎర్ర ముక్కోణము అత్యంత విషమునకు, పసుపు దాని తరువాతి తరగతికి గుర్తులు. మందు కలుపునపుడు తొడుగులు, చల్లునపుడు ముఖమునకు ముసుగు, గాలి వాలునకు చల్లుట – వీనిని మరువకుడు.