చామంతి రాత్రిని కొలుస్తుంది

సంక్రాంతి గొబ్బెమ్మల మీద బంతిపూలతోపాటు చామంతులు కూడా కనిపిస్తాయి. అదే చామంతి మొక్క జూన్ నెలలో కొమ్మలు, ఆకులు వేస్తుందే తప్ప సాధారణంగా మొగ్గ తొడగదు. చలి పడితే పూస్తుందని చాలామంది అనుకుంటారు. వేడి, చలుల ప్రభావం కొంత ఉన్న మాట నిజమే. కాని చామంతి ముఖ్యంగా చూసేది రాత్రి నిడివిని.

మన ప్రాంతంలో జూన్‌లో పగలు సుమారు 13 గంటలు, రాత్రి 11 గంటలు. డిసెంబరులో ఈ లెక్క తారుమారవుతుంది. చలి ఒక ఏడు ముందు, ఒక ఏడు వెనుక రావచ్చు; పగలూ రాత్రుల లెక్క మాత్రం ఏటా తప్పదు. మొక్కకు ఇంతకంటె నమ్మకమైన పంచాంగం ఏముంటుంది?

ఈ రహస్యాన్ని 1920లో గార్నర్, అలార్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించారు. వారు పెంచిన ఒక పొగాకు రకం వేసవిలో ఏపుగా ఎదిగేది కాని పూసేది కాదు. శీతకాలంలో అద్దాల గదిలో పూసేది. వేసవిలోనే ఆ మొక్కలను రోజూ కొన్ని గంటలు అదనంగా చీకటిలో ఉంచారు. అవి పూశాయి! ఇటువంటివాటిని హ్రస్వదీప్తికాలపు మొక్కలు అంటారు. చామంతి ఈ తెగదే. గోధుమ, ముల్లంగి పగలు పెరిగితే పూస్తాయి. టమాటాకు ఈ పట్టింపు లేదు.

అయితే మొక్క కొలిచేది పగటినా, రాత్రినా? 1938లో హామ్నర్, బానర్ అనే శాస్త్రజ్ఞులు మరులమాతంగి మొక్కపై పరీక్షించారు. మన బీళ్లలోనూ పెరిగే కలుపు మొక్క అది. పగటి మధ్యలో కాసేపు చీకటి కల్పిస్తే పూతలో మార్పు రాలేదు. పొడవైన రాత్రి మధ్యలో కొద్ది నిమిషాలు దీపం వెలిగిస్తే పూత ఆగిపోయింది. అంటే మొక్కకు కావలసింది ఎడతెగని చీకటి.

దాన్ని కనిపెట్టేవి ఆకులు. వాటిలోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం వెలుగును గుర్తిస్తుంది. 1930లలో సోవియట్ శాస్త్రజ్ఞుడు చైలాఖ్యాన్ చామంతి పైభాగంలోని ఆకులు తుంచి, కింది ఆకులకు మాత్రమే దీర్ఘరాత్రులు కల్పించాడు. పూలు పైకొననే వచ్చాయి! ఆకుల నుంచి కొనకు ఏదో కబురు వెళ్లిందన్నమాట. ఆ కబురు మోసేది ఒక ప్రోటీన్ అని 2007లో వరి మొదలైన మొక్కల్లో తేలింది.

చామంతి ముందుగా పూయకుండా పూలరైతులు తోటలో రాత్రివేళ బల్బులు వెలిగిస్తారు. అవి ఆర్పేశాక కొన్ని వారాలకు తోట విరగబూస్తుంది. అలా పండుగ వేళకు పూలు అందుతాయి. తెలియక దీపం కింద నాటినవారికి మాత్రం పూత ఆలస్యమవుతుంది.

మీరే పరీక్షించండి. ఆగస్టులో ఒకే రకం చామంతిని రెండు కుండీలలో నాటండి. పగలు రెండింటికీ సమానంగా ఎండ, నీరు ఇవ్వండి. రాత్రి ఒకదాన్ని దీపం కింద, రెండోదాన్ని పూర్తి చీకటిలో ఉంచండి. ఏది ఎన్నడు మొగ్గ తొడిగిందో తేదీలతో రాసుకోండి.