సోదాకును హద్దు కలదు

1908లో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెను. అట్టి యాపద మరల రాకుండుటకై కట్టిన జలాశయములలో హిమాయత్ సాగర్ ఒకటి. దాని చెంతనే తెలంగాణ పోలీసు అకాడమీ కలదు. నగర కొత్వాలుగా పేరొంది, విద్యార్థులకు వసతిగృహమును నెలకొల్పిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పేరు దానికి పెట్టబడినది. కట్ట నీటికి హద్దైనట్లు చట్టము అధికారమునకు హద్దు. పోలీసులు మొదట నేర్వవలసిన పాఠమిదియే.

2017 జూలైలో హైదరాబాదున మాదకద్రవ్యములు అమ్మువారు పట్టుబడిరి. కొన్నవారిలో బడిపిల్లలును కలరని తెలిసి తల్లిదండ్రులు కలవరపడిరి. అట్లయిన ప్రతి విద్యార్థి సంచిని, జేబును సోదా చేయవచ్చునా?

ఆ సంవత్సరమే ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురు ఏకగ్రీవముగా ఒక తీర్పు చెప్పిరి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని దాని సారము. రాజ్యాంగములోని 21వ అధికరణము వయస్సును పేర్కొనలేదు, బాలుడును వ్యక్తియే.

మాదకద్రవ్యముల చట్టము 1985లో వచ్చినది. ఆ చట్టము క్రింద సోదా చేయు అధికారము నియమితులైన అధికారులదే గాని ఉపాధ్యాయులది కాదు. ఒకని శరీరమును సోదా చేయుటకు ముందు, గెజిటెడ్ అధికారి యెదుటనో మేజిస్ట్రేటు యెదుటనో సోదా కోరు హక్కు కలదని అధికారి అతనికి తెలుపవలెను. స్త్రీని స్త్రీయే సోదా చేయవలెను. అయితే 50వ సెక్షనులోని యీ రక్షణ శరీరమునకే గాని చేతిసంచికి వర్తింపదని సుప్రీంకోర్టు చెప్పినది.

అమెరికాలోను ఈ ప్రశ్న పుట్టినది. తగిన అనుమానమున్నచో బడివారు విద్యార్థి సంచిని వెదకవచ్చునని అక్కడి సుప్రీంకోర్టు 1985లో తీర్పిచ్చెను. తరువాత పదుమూడేండ్ల బాలిక యొకతె నొప్పిమాత్రలు దాచినదను అనుమానముతో బడివారు ఆమె సంచి వెదకిరి, ఏమియు దొరకలేదు. అంతటితో ఆగక ఆమె దుస్తులు విప్పించిరి. సంచి వెదకుట తగునని, దుస్తులు విప్పించుట హద్దు మీరుటయని అదే కోర్టు 2009లో నిర్ణయించెను. అనుమానము చిన్నదైనపుడు సోదా పెద్దది కారాదు.

మన దేశమున 2015 నాటి బాలల న్యాయచట్టము చిక్కుబడిన బాలుని పేరు, బడి, చిత్రము బయటపెట్టుటను నిషేధించినది. పిల్లలకు మత్తుపదార్థము ఇచ్చినవానికి ఏడేండ్ల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును.

గోప్యత తప్పును దాచు తెర కాదు. తోడి విద్యార్థి మత్తుకు లోనైనాడని తెలిసినపుడు నమ్మదగిన పెద్దలకు చెప్పుట స్నేహధర్మము. కాని నలుగురిలో నవ్వులపాలైన బాలుడు మరల నోరు విప్పడు. అతని మానమును కాపాడుట అతనిని కాపాడుటలో మొదటి మెట్టు.