సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (1909 ఆగష్టు 17 - 1963 జూన్ 11) హైదరాబాదుకు చెందిన ఫుట్‌బాల్ శిక్షకుడు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన ఇతడు వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పాఠశాలల్లో క్రీడల బాధ్యత చేపట్టాడు. కుర్రవాళ్లకు బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు, డ్రిబ్లింగును నిషేధించిన పోటీలు నిర్వహించేవాడు. ఖరీదైన పరికరాలేవీ అక్కరలేని ఈ పద్ధతిలో రెండు కాళ్లతోనూ ఆడటం, బంతిని ఆలస్యం చేయక సహచరునికి అందించడం చిన్ననాడే అలవడేవి. అటువంటి ఆటగాడు ఎటు తిరుగుతాడో ప్రత్యర్థి ఊహించడం కష్టం.

1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షకుడు ఇతడే. ఆ విజయాల ప్రఖ్యాతిలో బడిపిల్లల మధ్య చేసిన కృషి కొంత మరుగున పడింది. 1962 జకార్తా ఆసియా క్రీడలనాటికి క్యాన్సరుతో బాధపడుతున్నా భారత జట్టును నడిపించాడు. ఫైనల్లో భారత్ 2-1 తేడాతో దక్షిణ కొరియాను ఓడించింది.